కనికరం, జ్ఞానం, నిరీక్షణ: అనుదిన బైబిలు పఠనానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకుని, ఈ ఏడాది బైబిలు మొత్తం చదవాలని తీర్మానించుకుని, జనవరి 1న ఆదికాండం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఆగిపోయే చోటు ఒక్కటే: బలులు, శుద్ధి నియమాలతో నిండిన లేవీయకాండం. దీన్ని భక్తి లోపంగా చూడనక్కర్లేదు, లెక్కే అలా ఉంది. ప్రొటెస్టెంటు బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు 3, ఆదివారం 5 చొప్పున చదివితే వారానికి 23, 52 వారాలకు 1,196. ఈ వేగంతో వెళ్తే ప్రత్యక్ష గుడారం కొలతలు జనవరి 23 ప్రాంతంలో, లేవీయకాండం నెలాఖరులో వస్తాయి. లేవీయ, సంఖ్యాకాండాలు కలిపి 63 అధ్యాయాలు. అంటే ఫిబ్రవరి సగం వరకు అవే. కనికరం గురించో నిరీక్షణ గురించో ధ్యానించాలని తెల్లవారుజామున లేచి కూర్చున్నవాళ్లకు ఆ మూడు వారాలు నెట్టుకురావడం కష్టమే.

కాబట్టి పద్ధతి కంటే ముందు, ఏం వెతుకుతున్నారో తేల్చుకోండి. ఈ మూడు అంశాలూ బైబిల్లో ఒకే రూపంలో దొరకవు. కనికరం ఎక్కువగా కథల్లో ఉంటుంది, కథ మొదటి నుంచి చివరిదాకా చదివితేనే తెలుస్తుంది. జ్ఞానం రెండేసి పాదాల సామెతల్లో ఉంటుంది, ఒక్కసారే ఎక్కువ చదివితే ఒక్కటీ గుర్తుండదు. నిరీక్షణ విలాపం పక్కనే ఉంటుంది, ఏడుపు ఉన్న భాగాన్ని దాటేసి దాన్ని మాత్రం ఏరుకుంటే ఉత్త ఊరడింపు మాట మిగులుతుంది. మూడింటికీ సమానంగా పనికొచ్చే పద్ధతి ఏదీ లేదు. ఒక్కోటీ దేనికి నప్పుతుంది, ఎక్కడ చెడుతుందీ కింద చూడండి.

రోజుకో వచనం

క్యాలెండరు చీటీ, వాగ్దాన కార్డు, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే బొమ్మ, అన్నీ ఈ కోవలోవే. ఈ అలవాటుకు గట్టి చరిత్రే ఉంది. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సంఘం 1728లో రోజుకో వాక్యం ఇవ్వడం మొదలుపెట్టింది, 1731 నుంచి దాన్ని పుస్తకంగా అచ్చు వేస్తోంది. వాళ్ల పద్ధతిలో ఒక మెలకువ ఉంది. పాత నిబంధన వచనాన్ని చీటీ వేసి తీస్తారు, దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని మాత్రం మనిషి ఆలోచించి జతచేస్తాడు. ఒక్క వచనం ఒంటరిగా నిలబడదని వాళ్లకు తెలుసు.

మన కార్డుల్లో ఆ జత ఉండదు, ఇబ్బంది అక్కడే. యిర్మీయా 29:11 తీసుకోండి. మేలైన ఉద్దేశాలు, నిరీక్షణ గల భవిష్యత్తు అని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకునే వచనం అది. దానికి ముందున్న 10వ వచనంలో 70 ఏళ్లు ఆగాలని ఉంది. 5వ వచనంలో బబులోనులోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. చెరలోకి పోయినవాళ్లకు రాసిన ఉత్తరం అది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లే రోజు చూడలేరన్నమాట. అది తెలిశాక వచనం బలం తగ్గదు, పెరుగుతుంది. కానీ వచ్చే నెలలో ఉద్యోగం ఖాయమనే అర్థం మాత్రం నిలవదు.

ఈ పద్ధతికే కట్టుబడితే ఒక నియమం పెట్టుకోండి: వచనం ఏదైనా ఆ అధ్యాయం మొత్తం చదవాలి. పైకి చదివినా సగటు అధ్యాయానికి 4, 5 నిమిషాలు పడుతుంది. అంత తీరిక లేని రోజు కనీసం పై 10 వచనాలు, కింది 10 వచనాలు. ఆసుపత్రి డ్యూటీల్లో ఉన్నవాళ్లకు, పరీక్షల్లో ఉన్న పిల్లలకు, జబ్బుతో మంచం పట్టినవాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. ఓపిక ఉండీ దీంతో సరిపెట్టుకుంటే మాత్రం నష్టమే.

ఏడాదిలో బైబిలంతా

వరుసక్రమంలో వెళ్తే సామెతల గ్రంథం జులై రెండో వారంలో వచ్చి పది రోజుల్లో అయిపోతుంది. నిరీక్షణ చెప్పే యెషయా 40 ఆగస్టు మొదట్లో, కనికరం చెప్పే మంచి సమరయుని కథ (లూకా 10) అక్టోబరు చివరి వారంలో. ఈ మూడు అంశాల కోసమే కూర్చున్నవాళ్లకు ఈ క్రమం ఎందుకు నప్పదో చెప్పడానికి ఈ తేదీలు చాలు.

మరైతే దీని బలం ఏమిటి? ప్రతిధ్వనులు వినబడటం. నిర్గమకాండం 34:6లో దేవుడు తనను తాను కనికరం, దయ, దీర్ఘశాంతం గలవాడినని చెప్పుకుంటాడు. ఆ మాటే సంఖ్యాకాండం 14లో మోషే విన్నపంలో, నెహెమ్యా 9లో, 86, 103, 145 కీర్తనల్లో, యోవేలు 2లో మళ్లీ మళ్లీ వస్తుంది. చివరికి యోనా 4:2లో అదే మాట ఫిర్యాదుగా మారుతుంది: నువ్వు ఇలా జాలిపడేవాడివని తెలిసే నేను పారిపోయాను అంటాడు యోనా. శత్రు నగరం నీనెవె బతికిపోయినందుకు ఆయనకు కోపం. దేవుని కనికరాన్ని పొగిడే మాట, శత్రువు మీద ఆ కనికరం చూపినప్పుడు ఎంత చేదుగా ఉంటుందో ఏరిన వచనాల పట్టిక ఎప్పటికీ చూపించదు. మొత్తం చదివేవాళ్లకే అది తగులుతుంది.

వరుసక్రమం విసుగు తప్పించడానికి స్కాట్లండ్‌లోని డండీలో సెయింట్ పీటర్స్ సంఘ కాపరి రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో వేసిన పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. రోజుకు నాలుగు చోట్ల నుంచి చదవాలి. జనవరి 1న ఆదికాండం 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. రెండు భాగాలు కుటుంబ ప్రార్థనకు, రెండు ఏకాంతానికి. లేవీయకాండం నడుస్తున్న రోజుల్లో కూడా పక్కన వేరే భాగాలు ఉంటాయి గనుక ఊపిరాడుతుంది. రోజుకు 20 నిమిషాలు పడుతుంది. నాలుగు చోట్ల నాలుగు కథలు ఒకేసారి నడుస్తుంటే మనసు నిలవడం లేదని చాలామంది అంటారు, అది నిజమే. అలాంటప్పుడు నాలుగూ చదివి ఒక్కదాని మీదే ధ్యానించండి. మెక్‌షేన్ కూడా తన పట్టిక ముందుమాటలో ప్రమాదాలను దాచలేదు: లాంఛనంగా మారడం, స్వనీతి, అజాగ్రత్తగా చదవడం, మోయలేని కాడిగా తయారవడం. ఇవాళ్టి ఫోన్ యాప్‌లో వరుస రోజుల లెక్క చూసుకుని మురిసిపోయేవాళ్లకు రెండోది బాగా వర్తిస్తుంది.

వరుసగానే చదవాలనుకుంటే నెలకు 25 రోజులే లెక్క వేసుకోండి. రోజుకు 4 అధ్యాయాల చొప్పున 300 రోజుల్లో అయిపోతుంది. జ్వరాలకు, పెళ్లిళ్లకు, ప్రయాణాలకు నెలకు మూడు నుంచి ఆరు రోజులు మిగులుతాయి.

సంఘం ఇచ్చే పాఠాల పట్టిక

కతోలిక సంఘానికి 1969 నాటి పాఠాల గ్రంథం ఉంది. అనేక ప్రొటెస్టెంటు సంఘాలు 1992 నాటి రివైజ్డ్ కామన్ లెక్షనరీ వాడతాయి. సీఎస్ఐకి (దక్షిణ ఇండియా సంఘానికి) ఆదివారానికో అంశంతో సొంత పట్టిక ఉంది. మొదటి రెండింటిలో ఆదివారాలది మూడేళ్ల చక్రం: మత్తయి ఏడాది, మార్కు ఏడాది, లూకా ఏడాది. యోహాను మధ్యమధ్యలో వస్తాడు. ఏ ఏడాది ఏదో తెలుసుకోవడం తేలిక. 3తో నిశ్శేషంగా భాగించబడే సంవత్సరం లూకాది. 2025 లూకా, 2026 మత్తయి, 2027 మార్కు. లెక్క జనవరి నుంచి కాదు, అంతకు ముందరి క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం నుంచి మొదలవుతుంది.

కతోలికుల మామూలు రోజుల (ఆదివారాలు కాని రోజుల) పాఠాల్లో సువార్త ఏటా ఒకటే, మొదటి పాఠం మాత్రం బేసి, సరి సంవత్సరాలకు వేరు. మంచి సమరయుడు సామాన్య కాలం (పండుగ కాలాలు పోగా మిగిలిన ఏడాది) 27వ వారం సోమవారం ఏటా వస్తాడు. ఆగమన కాలం తొలి రోజుల్లో యెషయా చదువుతారు. రెండో వారం మంగళవారం యెషయా 40 ఆరంభ వచనాలు వస్తాయి. నిరీక్షణ గురించి ధ్యానించడానికి ఆ నాలుగు వారాలకు సాటి వచ్చే ప్రణాళిక ఇంకొకటి కనబడదు. ఊరంతా, దేశమంతా అదే రోజు అదే భాగం చదువుతున్నారన్న సంగతి ఒంటరిగా చదివేవాళ్లను నిలబెడుతుంది. ఆదివారం ప్రసంగం కూడా దాని మీదే ఉంటుంది.

లోటు జ్ఞానం దగ్గర. సామాన్య కాలపు మామూలు రోజుల్లో సామెతల గ్రంథానికి దక్కేది సరి సంవత్సరాల్లో 25వ వారం సోమ, మంగళ, బుధవారాలు మాత్రమే. తర్వాతి మూడు రోజులు ప్రసంగి, ఆ పై వారం యోబు. కతోలిక బైబిలులో అదనంగా ఉన్న సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా గ్రంథం బేసి సంవత్సరాల్లో కొన్ని వారాలు వస్తాయి గనుక వాళ్లకు కొంత మేలు. రెండో లోటు కత్తిరింపు. 137వ కీర్తనను దివ్యపూజలో 6వ వచనం దగ్గరే ఆపేస్తారు. పగ తీర్చుకోమని మొరపెట్టే చివరి మూడు వచనాలు వినబడవు. గుళ్లో చదవడానికి అది అర్థం చేసుకోదగిన నిర్ణయమే. ఇంట్లో ధ్యానానికి మాత్రం వదిలేసిన వచనాలను కూడా తెరిచి చూడండి. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ల నిరీక్షణ ఎంత గాయంలోంచి వచ్చిందో వాటిలోనే ఉంది.

తేదీ ప్రకారం కీర్తనలు, సామెతలు

మూడు అంశాల్లో కనీసం రెండింటికి ఇదే అన్నిటికంటే మేలని మా అభిప్రాయం. సామెతలు 31 అధ్యాయాలు, తేదీ ఎంతైతే అధ్యాయం అంత. కీర్తనలు 150, రోజుకు 5 చొప్పున 30 రోజులు. కీర్తనలను 1 నుంచి 5, 6 నుంచి 10 అని వరుసగా చదవకండి. విలాప కీర్తనలు మొదటి సగంలో గుమిగూడి ఉన్నాయి, నెల మొదట్లో అన్నీ ఏడుపులే అవుతాయి. తేదీకి 30 చొప్పున కలుపుకుంటూ పోండి. 13వ తేదీ అయితే 13, 43, 73, 103, 133. ఆ రోజే చూడండి: 13 ఎన్నాళ్లు మరచిపోతావని అడుగుతుంది, 43 కుంగిన ప్రాణాన్ని దేవునిలో నిరీక్షించమంటుంది, 73 దుర్మార్గులు ఎందుకు బాగుపడుతున్నారన్న జ్ఞానప్రశ్న, 103 తండ్రిలాంటి జాలి. 28న 88వ కీర్తన వస్తుంది, అది చీకటిలోనే ముగుస్తుంది, ఊరట ఉండదు. అక్కడే ఆపకుండా అదే రోజు 118 కూడా చదవమంటుంది ఈ పట్టిక.

చిక్కు 29న వస్తుంది. ఆ రోజు వంతులో 119 ఉంది: 176 వచనాలు. ఒక్క రోజులో చదివితే 15 నిమిషాలకు పైగా దానికే పోతుంది. 8 వచనాల భాగాలు 22 ఉన్నాయి గనుక 1 నుంచి 22వ తేదీ వరకు రోజుకో భాగం పంచుకోండి. అయిదు కీర్తనలకూ తీరిక లేకపోతే ఈ నెల మొదటి రెండు, వచ్చే నెల తర్వాతి మూడు.

సామెతల్లో 1 నుంచి 9 అధ్యాయాలు తండ్రి కొడుక్కి చెప్పే పొడవాటి ఉపదేశ కవితలు. వాటిలోంచి ఒక వచనం ఏరకుండా, భాగమంతా ఒక్కటిగా చదవండి. 10వ అధ్యాయం నుంచి విడివిడి సామెతలు. అక్కడ అధ్యాయం ఒకసారి చదివి ఒక్క సామెతనే పట్టుకోండి. దాన్ని కాగితం మీద రాసి, పక్కన అది నిజమయ్యే సందర్భం ఒకటి, నిజం కాని సందర్భం ఒకటి రాయండి. రెండోది రాయడం తప్పేమీ కాదు. మూర్ఖుడికి జవాబివ్వకు అని 26:4, ఇవ్వు అని 26:5 పక్కపక్కనే ఉన్నాయి. ఎప్పుడు ఏది అని తేల్చుకోవడమే జ్ఞానం.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, సామెతను వాగ్దానంగా చదవడం. బాలుణ్ణి నడవవలసిన తోవలో పెంచితే పెద్దయ్యాక తొలగడన్న 22:6ను హామీ పత్రంలా తీసుకుని, దారి తప్పిన బిడ్డ కోసం తమనే నిందించుకునే తల్లిదండ్రులు ఎందరో. సామెత సాధారణంగా జరిగేది చెబుతుంది. జరగనిదాని సంగతి యోబు, ప్రసంగి చెబుతాయి. అందుకే రెండు నెలలు సామెతలు చదివాక ఒక వారం ప్రసంగి 12 అధ్యాయాలు, దాంతోపాటు యోబు 28 చదవండి.

లోటు: ఇందులో సువార్త లేదు, కథలు లేవు. కనికరం విషయంలో ఇది సగమే ఇస్తుంది.

కొన్ని వచనాలే, నెమ్మదిగా

ఆ సగం ఇక్కడ దొరుకుతుంది. 12వ శతాబ్దంలో ఏకాంతంగా జీవించే కార్తూసియన్ సన్యాసుల మఠాధిపతి రెండో గీగో ఈ పఠనాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, మననం, ప్రార్థన, మౌన ధ్యానం. భాగం మామూలుగా 8 నుంచి 13 వచనాలు ఉంటే చాలు. సమయం 20 నిమిషాలు: చదవడానికి 5, మననానికి 7, ప్రార్థనకు 5, మౌనానికి 3. చదవడం రెండుసార్లు, ఒకసారి పైకి.

లూకా 10:25-37తో చేసి చూడండి. ముందు రెండు ప్రశ్నలు రాసుకోండి: ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఏ ప్రశ్నతో మొదలై ఏ ప్రశ్నతో ముగిసింది? నా పొరుగువాడెవడు అని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగాడు. ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడు అని యేసు తిరిగి అడిగాడు. తర్వాత సమరయుడు చేసిన పనులన్నీ వరుసగా రాయండి: చూశాడు, జాలిపడ్డాడు, దగ్గరికి వెళ్లాడు, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం ఎక్కించాడు, పూటకూళ్లవాని ఇంటికి తీసుకెళ్లాడు, పరామర్శించాడు, మర్నాడు రెండు దేనారాలు ఇచ్చాడు, ఎక్కువైతే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. యాజకుడూ లేవీయుడూ కూడా చూశారు, తేడా చూపులో లేదు. ఇక దేనారం మత్తయి 20లో ఒక రోజు కూలి. రెండు రోజుల కూలి, పైగా హద్దు చెప్పని పూచీ. మననం ఇలా పనుల మీద, డబ్బు మీద, సమయం మీద నిలిస్తే కనికరం గాలిమాట కాకుండా ఉంటుంది.

ఈ పద్ధతి చెడేది రెండు నిమిషాల్లోనే వచనాన్ని వదిలేసి సొంత ఆలోచనల్లోకి జారినప్పుడు. "నాకేం చెబుతోంది" అన్న ప్రశ్నను మననం చివరికి జరపండి. మనసు ఎక్కడికో పోతే ఆ భాగాన్ని మళ్లీ పైకి చదవండి. కనికరానికి సరిపడే ఇతర భాగాలు: హోషేయ 11:1-9, యోనా 4 (11 వచనాలు), మార్కు 6:30-44, లూకా 15:11-32ను రెండు రోజులుగా. యోనా పుస్తకం మొత్తం 48 వచనాలే గనుక, 4వ అధ్యాయం ధ్యానించే ముందురోజు పుస్తకమంతా ఒక్క కూర్చోటున చదివేయండి. నిరీక్షణకు విలాపవాక్యములు 3 మంచి ఎంపిక. కానీ అందరూ పాడుకునే 22, 23 వచనాలతో మొదలుపెట్టకండి. 1 నుంచి 20 వరకు ఉన్న చేదు చదివి, 21 దగ్గర ఆగి, మర్నాడు 33 వరకు వెళ్లండి.

ఎవరికి ఏది

రోజుకు 5 నిమిషాలే ఉంటే: తేదీ సామెతల్లోంచి ఒకటి, ఒక చిన్న కీర్తన. వచన కార్డు కంటే ఇది మేలు.

15 నుంచి 20 నిమిషాలుంటే వారాన్ని పంచుకోండి. సోమ నుంచి గురువారం వరకు తేదీ ప్రకారం రెండు కీర్తనలు, ఒక సామెతల అధ్యాయం. శుక్ర, శనివారాలు ఒకే సువార్త భాగం నెమ్మదిగా. ఆదివారం సంఘం చదివే పాఠాలు. గల్ఫ్‌లో శుక్రవారమే ఆరాధనకు వెళ్లేవాళ్లు శుక్ర, ఆదివారాలను తారుమారు చేసుకుంటే సరి.

బైబిలు ఒక్కసారైనా పూర్తిగా చదవనివాళ్లు ముందు ఆ పని చేయడం మంచిది, ఏడాది కాకపోతే రెండేళ్లు. రోజుకు 2 అధ్యాయాలైతే 595 రోజులు. పూర్తిగా తెలియనివాళ్లు ఏ పట్టిక పట్టుకున్నా ఆ పట్టిక వేసినవాళ్ల అభిరుచికే లోబడతారు. కనికరంపై 30 వచనాలు, నిరీక్షణపై 30 వచనాలు అని తిరిగే జాబితాలతో తంటా ఇదే. తీపివన్నీ ఏరి, యోబు 14 లాంటివి వదిలేస్తారు. అక్కడ 7వ వచనంలో నరికిన చెట్టుకైనా ఆశ ఉంది, 19కి వచ్చేసరికి మనిషి ఆశ కొట్టుకుపోతుంది.

దుఃఖంలో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో మరణం జరిగిన మొదటి వారాల్లో, ఏ ప్రణాళికా ఇవ్వకండి. రోజుకో కీర్తన, అదీ వేరొకరు చదివి వినిపిస్తే చాలు. రోమీయులకు 5:3-5లో శ్రమ ఓర్పును, ఓర్పు అనుభవాన్ని, అనుభవం నిరీక్షణను పుట్టిస్తుందన్న మాట ఆ రోజుల్లో పట్టుకెళ్తే పుండు మీద కారం చల్లినట్టే.

కుటుంబ ప్రార్థనలో తలో వచనం వంతులవారీగా చదవడం మనవాళ్ల అలవాటు. సామెతలకు అది బాగుంటుంది. కథలకు మాత్రం పనికిరాదు. పిల్లలు తమ వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటారు తప్ప వినరు. కథను ఒకరే చదవాలి, కుదిరితే నేటి వాడుక భాషలో ఉన్న అనువాదంలోంచి. కీర్తనలు మాత్రం పాత అనువాదంలోనే ఉంచండి. పాటల ద్వారా, తాతమ్మల నోటి ద్వారా పిల్లలకు అప్పటికే సగం వచ్చి ఉంటాయి.

రోజులు తప్పిపోతే

బాకీ తీర్చకండి. తేదీ ప్రకారం చదివే పద్ధతిలోనూ పాఠాల పట్టికలోనూ ఇవాళ్టి భాగం నుంచే మొదలుపెట్టండి. తప్పిపోయినవి వచ్చే నెలో వచ్చే ఏడో మళ్లీ వస్తాయి. వరుసక్రమంలో అయితే ఆగిన చోటు నుంచే వెళ్లండి, ముగింపు తేదీ వెనక్కి జరపండి. వారం బాకీ 23 అధ్యాయాలను ఒక్క శనివారం మధ్యాహ్నం చదివేస్తే అందులో ఏం చదివారో సాయంత్రానికి చెప్పలేరు.

నోటు పుస్తకంలో రోజుకు రెండే వాక్యాలు: భాగంలో ఏం గమనించాను, ఇవాళ దాన్ని ఎవరి విషయంలో, ఏ పనిలో పెట్టాలి. రెండో వాక్యంలో మనిషి పేరో పని పేరో లేకపోతే మళ్లీ రాయండి. పేజీలకు పేజీలు రాసే పద్ధతులు మూడో వారానికి ఆగిపోతాయి. ఏ పద్ధతైనా మార్చే ముందు ఒక పూర్తి నెల చూడండి. వారానికి నాలుగు రోజులైనా కుదరకపోతే పద్ధతిని కాక పరిమాణాన్ని తగ్గించండి. మొదలుపెట్టడానికి జనవరి కోసం ఆగనక్కర్లేదు. ఇవాళ తేదీ ఎంతో చూసి, ఆ సంఖ్య గల కీర్తన, ఆ సంఖ్య గల సామెతల అధ్యాయం తెరవండి.